బీటెక్ చదివే అమ్మాయికి డెస్క్‌టాప్: 45 వేలలో ఏ భాగానికి ఎంత?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో లేదు, రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్లి వస్తుంది. ఇంట్లో పెట్టుకునేందుకు మానిటర్‌తో సహా 45 వేల రూపాయల్లో ఒక డెస్క్‌టాప్ కొనాలనుకుంటున్నాము. మా ఊళ్లోని దుకాణంవారు "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 22 అంగుళాల మానిటర్, గేమింగ్ క్యాబినెట్, మొత్తం 38 వేలు" అని కొటేషన్ రాసిచ్చారు. సికింద్రాబాద్‌లో ఉండే మా బావమరిది ఇది వద్దని, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన మంచి కంపెనీ మెషిన్ తాను చూస్తానని అంటున్నాడు. అమ్మాయేమో మూడో ఏడాదిలో ఏఐ సబ్జెక్టులు ఉంటాయి కాబట్టి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, తాడేపల్లిగూడెం

సమాధానం: అయ్యా, అమ్మాయి ఇంటి నుంచే చదువుకుంటోంది కాబట్టి డెస్క్‌టాప్ అనుకోవడం సరైన నిర్ణయమే. అదే డబ్బుకు వచ్చే ల్యాప్‌టాప్ కంటే ఇది వేగంగా పనిచేస్తుంది, పాడైన భాగాన్ని విడిగా మార్చుకోవచ్చు, రెండేళ్ల తర్వాత అవసరం పెరిగితే యంత్రాన్నీ పెంచుకోవచ్చు. ఇక మీరు పంపిన కొటేషన్ సంగతి ముందుగా చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు చిక్కు అక్కడే ఉంది.

అందులో ఒక్క వస్తువుకైనా మోడల్ నంబరు లేదు. "ఐ7" అన్నది ఒక ప్రాసెసర్ పేరు కాదు, పదిహేనేళ్లకు పైగా ఇంటెల్ సంస్థ తన ఖరీదైన ప్రాసెసర్లకు పెడుతూ వచ్చిన తరగతి పేరు. 2011లో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7యే, 2012 నాటి ఐ7-3770 కూడా ఐ7యే. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిపి 38 వేలకు ఇస్తామంటున్నారంటే అది అలాంటి పాత తరం ప్రాసెసర్‌ను, ఆ సాకెట్‌కు (ప్రాసెసర్ దిగే గూడుకు) సరిపోయేలా పేరులేని తయారీదారులు ఇప్పటికీ చేసి పంపుతున్న హెచ్61 తరహా మదర్‌బోర్డు మీద బిగించినది అయ్యే అవకాశమే ఎక్కువ. బోర్డు కొత్తదే, డబ్బా కొత్తదే, లోపలి ప్రాసెసర్ మాత్రం ఎక్కడో ఆఫీసులో పదేళ్లు పనిచేసి వచ్చినది. ఐ7-2600లో ఉన్నవి నాలుగు కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (అవి ఒకేసారి నడపగల పనుల వరుసలు). 2022లో వచ్చిన ఐ3-12100లోనూ ఉన్నవి అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, కానీ ఒక్కో కోరు చేసే పని అంతకు దాదాపు రెండింతలు. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. కాబట్టి ఆ దుకాణానికి మళ్లీ వెళ్లి, ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నింటికీ కరెంటు అందించే డబ్బా), గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ ఒక్కొక్కదానికీ కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లో విడివిడిగా ధరతో రాసివ్వమని అడగండి. రాసిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. రాయడానికి వెనకాడితే ఇక ఆలోచించనక్కర్లేదు.

ఆ "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" గురించీ ఇదే మాట. ఈ తరహా కొటేషన్లలో సాధారణంగా ఉండేది 2014లో వచ్చిన జీటీ 730 లేదా దాని సాటి కార్డు. దాని మీద 4 జీబీ మెమరీ ఉన్నంత మాత్రాన అది శక్తిమంతమైనది కాదు, ఆ మెమరీని నింపి వాడుకునేంత సత్తా ఆ చిప్‌కు లేదు. ఇవాళ్టి మంచి ప్రాసెసర్లలో కొన్నింటి లోపలే అంతకంటే మెరుగైన గ్రాఫిక్స్ ఉన్నాయి. అమ్మాయి ఆశిస్తున్న ఏఐ పనికైతే అది బొత్తిగా పనికిరాదు. ఎందుకంటే ఎన్విడియా కార్డుల మీద ఏఐ లెక్కలు నడిపించే కుడా (CUDA) అనే సాఫ్ట్‌వేర్ 12వ వెర్షన్ నుంచి ఆ కాలపు చిప్‌లకు మద్దతు తీసేశారు.

ఇప్పుడు మన 45 వేల సంగతి. నేను డబ్బును పంచే పద్ధతి ఒక్కటే: తర్వాత విడిగా చేర్చుకోగలిగినవి ఇప్పుడు తక్కువలో సరిపెట్టుకోవచ్చు, మారిస్తే సగం యంత్రం విప్పాల్సి వచ్చేవి ఇప్పుడే సరైనవి తీసుకోవాలి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు మొదటి కోవలోకి వస్తాయి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ రెండో కోవలోకి వస్తాయి. మీ ఊరి కొటేషన్ సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది, కనిపించే వాటికి డబ్బు పెట్టి, కనిపించని వాటిలో మిగుల్చుకుంది.

ప్రాసెసర్‌కు 11 నుంచి 13 వేల వరకు కేటాయించండి. ఈ పరిధిలో నేను ముందుగా సూచించేది ఇంటెల్ కోర్ ఐ5-12400. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ఈ ప్రాసెసర్ 2022 జనవరిలో వచ్చినదైనా, ప్రోగ్రాములు కంపైల్ చేయడానికి, ఆండ్రాయిడ్ స్టూడియో వంటి బరువైన సాఫ్ట్‌వేర్ నడపడానికి, ఒకేసారి డేటాబేసు, సర్వరు, పాతిక బ్రౌజర్ ట్యాబులు తెరిచిపెట్టుకోవడానికి చదువు పూర్తయ్యేదాకా చాలుతుంది. దీనికి ప్రత్యామ్నాయం ఏఎండీ రైజెన్ 5 5600జి. కోర్లూ థ్రెడ్లూ అన్నే, లోపలి గ్రాఫిక్స్ మాత్రం ఇంటెల్ కంటే మెరుగు. అమ్మాయికి వీడియో ఎడిటింగ్ సరదా ఉన్నా, చిన్నపాటి ఆటలు ఆడుకునే అలవాటున్నా, లేక మదర్‌బోర్డుతో కలిపి రెండు వేలకు పైగా తక్కువలో వస్తున్నా దీన్నే తీసుకోండి. రెండూ ఖరీదనిపిస్తే ఐ3-12100 తీసుకుని మిగిలిన డబ్బు ర్యామ్‌లో పెట్టినా తప్పు లేదు.

ఇక్కడ ఒక అక్షరం దగ్గర జాగ్రత్త పడాలి. ఐ5-12400 వేరు, ఐ5-12400ఎఫ్ వేరు. చివర "ఎఫ్" ఉన్నవాటిలో అంతర్గత గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. అలాగే ఏఎండీలో 5600జికి లోపల గ్రాఫిక్స్ ఉన్నాయి, 5600కు, 5500కు లేవు. వెయ్యి రూపాయలు తగ్గిందని ఎఫ్ రకం తీసుకుని, ఆ తర్వాత బొమ్మ కోసం మూడు వేలు పెట్టి పాత కార్డు కొనుక్కునేవారు కనిపిస్తూనే ఉంటారు.

మదర్‌బోర్డుకు ఆరు వేలు, మహా అయితే ఏడు వేలు. ఐ5-12400కు హెచ్610 చిప్‌సెట్ బోర్డు చాలు, బీ760 బోర్డుకు పెట్టే అదనపు డబ్బు మీ అవసరానికి తిరిగి రాదు. అయితే హెచ్610 బోర్డులు డీడీఆర్4 ర్యామ్‌కు ఒక రకం, డీడీఆర్5 ర్యామ్‌కు ఇంకో రకం వస్తాయి, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దిగదు. బోర్డులో ఎస్‌ఎస్‌డీ బిగించే ఎం.2 స్లాటు కనీసం ఒకటి ఉండేలా, అమ్మాయి మానిటర్‌కు సరిపోయే హెచ్‌డీఎంఐ పోర్టు ఉండేలా చూడండి. 5600జి తీసుకునేటట్లయితే ఏ520 లేదా బీ450 బోర్డు సరిపోతుంది. కానీ ఎప్పటి నుంచో దుకాణంలో ఉండిపోయిన బీ450 బోర్డులో బయాస్ (యంత్రాన్ని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పాతదైతే ఈ ప్రాసెసర్‌ను గుర్తించదు, కాబట్టి అప్‌డేట్ చేసి ఇచ్చే బాధ్యత దుకాణానిదేనని ముందే అనుకోండి.

ఏఎండీలో ఏఎం5 అనే కొత్త సాకెట్ తీసుకుంటే నాలుగైదేళ్ల తర్వాత కూడా ప్రాసెసర్ మార్చుకోవచ్చు కదా అని ఎవరైనా మీకు చెప్పవచ్చు. ఆ మాట నిజమే, 2027 దాటి కూడా ఆ సాకెట్‌కు ప్రాసెసర్లు వస్తాయని ఏఎండీ ప్రకటించింది. కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పదు, బోర్డు ధర కూడా ఎక్కువ. 45 వేలలో మానిటర్ కూడా రావాల్సిన మీ లెక్కలో అది ఇమడదు.

ర్యామ్ దగ్గర కాస్త ఆగాలి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లకు గిరాకీ పెరగడంతో, తయారీ సంస్థలు తమ ఉత్పత్తిని ఎక్కువ లాభం వచ్చే ఆ వైపు మళ్లించాయి. మైక్రాన్ సంస్థయితే మన దుకాణాల్లో బాగా తెలిసిన క్రూషియల్ పేరుతో సాగించే వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. అందుచేత ఏడాది క్రితం ఎవరో కొన్న ధరలు చూసి దుకాణదారుతో వాదించడం వల్ల ప్రయోజనం లేదు, ఈ వారపు ధర రెండు మూడు చోట్ల విచారించుకోవడం ఒక్కటే దారి. అలాగని 8 జీబీతో సరిపెట్టమని చెప్పలేను. ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రాముతో) కలిపి నడపడానికి గూగుల్ అడుగుతున్న కనీస ర్యామే 16 జీబీ, పైగా అంతర్గత గ్రాఫిక్స్ కూడా అందులోంచే కొంత వాటా తీసుకుంటాయి.

16 జీబీని ఒకే స్టిక్‌గా తీసుకోవాలా, 8 జీబీవి రెండు తీసుకోవాలా అన్నది తరచూ వచ్చే సందేహం. రెండు స్టిక్‌లు పెడితే ప్రాసెసర్ రెండు దారుల్లో మెమరీని అందుకుంటుంది, గ్రాఫిక్స్ వేగం బాగా పెరుగుతుంది. 5600జి తీసుకుని ఆటలు ఆడేవారికి ఇది తప్పనిసరి. కానీ హెచ్610 బోర్డుల్లో ఎక్కువగా రెండే స్లాట్లు ఉంటాయి. ఐ5తో కోడింగ్ చేసుకునే మీ అమ్మాయికి నేనైతే 16 జీబీ స్టిక్ ఒకటే పెట్టి, రెండో స్లాటును ఖాళీగా ఉంచమంటాను. ధరలు దిగినప్పుడు అలాంటిదే ఇంకొకటి పెడితే ఉన్నది తీసేయకుండానే 32 జీబీ అవుతుంది. డీడీఆర్4 3200 వేగం ఉన్నది చాలు, మెరిసే లైట్లున్న ర్యామ్ వద్దు.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి. పాత సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈలో మామూలువే దానికి నాలుగైదు రెట్లు చదువుతాయి. పేరున్న కంపెనీదై, అయిదేళ్ల వారంటీ ఉంటే చాలు. హార్డ్ డిస్క్ ఇప్పుడు అక్కర్లేదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. మన ఊళ్లలో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చే వస్తువుగా దీన్ని చూస్తారు, బడ్జెట్ యంత్రాలు ముందుగా దెబ్బతినేది కూడా ఇక్కడే. పైన 450 వాట్లని స్టిక్కరు ఉన్నా, నిజంగా అంత లోడు పడితే నిలబడని డబ్బాలు బజారులో కొల్లలు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు ఒంటరిగా పోకుండా మదర్‌బోర్డునో ఎస్‌ఎస్‌డీనో వెంట తీసుకుపోయే ప్రమాదం ఉంది. మీ యంత్రం వాడుకునే కరెంటు నిజానికి తక్కువే. ఐ5-12400 పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ పరిమితి 117 వాట్లు, మిగతావన్నీ కలిపినా మొత్తం 200 వాట్లు దాటడం కష్టం. కాబట్టి 650, 750 అంటూ పెద్ద అంకెల వెంట పడవద్దు. పేరున్న కంపెనీ 450 లేదా 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 80 ప్లస్ బ్రాంజ్ ముద్రతో, కనీసం మూడేళ్ల వారంటీతో తీసుకోండి. 80 ప్లస్ ముద్ర కరెంటు వృథాను కొలిచేదే తప్ప నాణ్యతకు పూర్తి హామీ కాదు, అందుకే వారంటీ కాలాన్ని కూడా చూడమంటున్నాను. ఇందుకు మూడు వేలు పక్కన పెట్టండి. ఈ మూడు వేలలో కోత పెట్టి మానిటర్‌లో రెండంగుళాలు పెంచుకోవడం నాకు నచ్చని బేరం.

ఎస్‌ఎంపీఎస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మీ ఇంటి ప్లగ్గు సంగతి కూడా చెప్పాలి. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా, పైనున్న పెద్ద రంధ్రానికి ఎర్త్ వైరు కలిపి ఉండదు. అలాంటి చోట క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరు నుంచి ఎర్త్‌లోకి పోవాల్సిన కొద్దిపాటి కరెంటు దారిలేక డబ్బా మీద నిలవడమే దీనికి కారణం. చాలామంది కంప్యూటర్ పాడైందని దుకాణానికి మోసుకెళతారు. యంత్రం రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ పరీక్ష చేయించండి, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వాడవద్దు. కరెంటు పోయే మీ ప్రాంతంలో యూపీఎస్ కావాలా అంటే, ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ముందు దాని వెనక ఉన్న స్విచ్చిని యూపీఎస్ మోడ్‌లో పెట్టి చూడండి. చాలా ఇన్వర్టర్లలో ఈ సదుపాయం ఉంది, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఆగిపోకుండా త్వరగా మారుతుంది. ఇన్వర్టర్ లేకపోతే 600 వీఏ యూపీఎస్ ఒకటి తీసుకోండి. చేస్తున్న పని దాచుకుని కంప్యూటర్‌ను ఆపుకోవడానికి అది చాలు, దాని మీద గంటలకొద్దీ పనిచేయాలనుకోకూడదు.

క్యాబినెట్‌లో ముందువైపు గాలి ఆడే జాలీ, కనీసం ఒకటి రెండు ఫ్యాన్లు ఉంటే రెండు వేలలో వచ్చేది చాలు. ముందంతా అద్దంతో మూసుకుపోయిన "గేమింగ్" క్యాబినెట్ మే నెల ఎండల్లో లోపల వేడిని పట్టి ఉంచుతుంది. మానిటర్ 22 లేదా 24 అంగుళాలది, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర) అయితే గంటల తరబడి కోడు చదివే కళ్లకు హాయిగా ఉంటుంది. ఏడెనిమిది వేలలో దొరుకుతుంది.

ఏఐ విషయంలో అమ్మాయి మాట పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. న్యూరల్ నెట్‌వర్కులకు శిక్షణ ఇవ్వడంలో ఎన్విడియా కార్డు ఉన్నవారికీ లేనివారికీ తేడా ఉంటుంది. అయితే బీటెక్ ల్యాబుల్లో, మినీ ప్రాజెక్టుల్లో మొదట చేసే పనికి ప్రాసెసరే చాలు. అంతకు మించితే ఇంటర్నెట్‌లోనే ప్రోగ్రాములు నడుపుకునే గూగుల్ కొల్యాబ్‌లో ఉచితంగా టీ4 అనే గ్రాఫిక్స్ ప్రాసెసర్ అందుబాటును బట్టి దొరుకుతుంది, అలాంటిదే అయిన కాగుల్‌లో వారానికి 30 గంటల దాకా ఉచిత వాడకం ఇస్తున్నారు. మీరు 15, 20 వేలు పెట్టి ఇప్పుడు కొనగల కార్డు కంటే వాటిలో మెమరీ ఎక్కువే. మూడో ఏడాది చివరికి కూడా ఆసక్తి అలాగే ఉంటే అప్పుడు కార్డు చేర్చండి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ వంటివి 70 వాట్లే తీసుకుంటాయి, చాలా మోడళ్లకు వేరే పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు, పైన చెప్పిన ఎస్‌ఎంపీఎస్ మీదే నడుస్తాయి.

మీ బావమరిది గారి సలహా తీసిపారేయదగ్గది కాదు. పెద్ద కంపెనీలు నాలుగైదేళ్లు వాడి మార్చేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్ వంటి యంత్రాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) చుట్టుపక్కల దొరుకుతాయి. వాటిలో ఎనిమిదో తరం ఐ5-8500 ఉన్నది దొరికితే ఆరు కోర్లు వస్తాయి, విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది, మీ ఊరి దుకాణం చెప్పిన ఐ7 కంటే నిస్సందేహంగా మేలు. బడ్జెట్ 25 వేలే అయి ఉంటే నేనే దాన్ని సూచించేవాడిని. కానీ వాటి మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ కొలతల్లోనే ఉంటాయి, పాడైతే బజారులోవి సరిపోవు. చిన్న క్యాబినెట్ రకాల్లో గ్రాఫిక్స్ కార్డు పట్టడమూ కష్టమే. 45 వేలు ఉన్నప్పుడు కొత్తది కట్టించుకోవడమే మంచిది. ఆయన సాయం మాత్రం తప్పక తీసుకోండి. సీటీసీలో రెండు మూడు దుకాణాల్లో ఇదే జాబితాకు ధరలు రాయించి మీకు పంపమనండి. ఆ జాబితాను మీ ఊరి దుకాణంలోనూ, రాజమండ్రిలోనో విజయవాడలోనో ఇంకొక చోటా చూపించండి. వెయ్యి, పదిహేను వందలు తేడా ఉన్నా దగ్గరి దుకాణంలో కొనడమే నా ఓటు, ఎందుకంటే రేపు ఏదైనా ఆగిపోతే యంత్రాన్ని బస్సులో పెట్టుకుని సికింద్రాబాద్ తీసుకెళ్లలేరు.

కొనేటప్పుడు ప్రాసెసర్ సీలు వేసిన డబ్బాలోనే రావాలి. డబ్బా లేకుండా విడిగా అమ్మే "ట్రే" ప్రాసెసర్ కాస్త చౌక, కానీ కంపెనీ ఇచ్చే మూడేళ్ల వారంటీ బదులు దుకాణం చెప్పిన మాటే దానికి వారంటీ. పైగా డబ్బాలో ఫ్యాన్ కూడా వస్తుంది. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండాలి. బిల్లు లేకుండా 18 శాతం తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, ఆ బిల్లే మీ వారంటీ పత్రం. ఖాళీ డబ్బాలు కూడా ఇంటికి తెచ్చి దాచండి. విండోస్ లైసెన్స్ ఖరీదు ఈ బడ్జెట్‌లో లేదు. దుకాణంవారు వేసిచ్చే దొంగ కాపీ బదులు లినక్స్ రకమైన ఉబుంటు ఉచితంగా వేసుకోవచ్చు, కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి లినక్స్ అలవాటు ఎలాగూ కావాల్సిందే. కాలేజీలో ఏదైనా సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుందంటే అప్పుడు లైసెన్స్ కొనుక్కోవచ్చు.

బిగించే రోజు అమ్మాయిని కూడా దుకాణానికి తీసుకెళ్లండి. యంత్రం ఆన్ చేశాక బయాస్ తెరిచి, అందులో కనిపించే ప్రాసెసర్ పేరు, ర్యామ్ పరిమాణం బిల్లుతో సరిచూసుకోమనండి. ర్యామ్ 3200 అని కొన్నా ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ అనే అమరిక ఆన్ చేయకపోతే కొన్నిసార్లు అంతకంటే తక్కువ వేగంతోనే నడుస్తుంది, దాన్ని అక్కడే ఆన్ చేయించాలి. అదే బయాస్‌లో వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో యంత్రాన్ని నడిపించే సదుపాయం) అమరికను కూడా చూడాలి, ఏఎండీ బోర్డుల్లో దాని పేరు ఎస్‌వీఎం, తరచూ ఆఫ్‌లో ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తుంది లేదా అసలు తెరుచుకోదు. ఇవన్నీ అయ్యాక ఒక అరగంట ఏదైనా పని పెట్టి నడిపించి, ఆగకుండా పనిచేస్తోందని చూసుకున్న తర్వాతే మిగిలిన డబ్బు చెల్లించండి.